సాయం ఆగిపోయే నెల: డాలస్ ప్రాంతంలో అద్దె ఇళ్లున్న తెలుగువారికి బహిరంగ లేఖ

డాలస్, కొలిన్ కౌంటీల్లో అద్దె ఇళ్లున్న తెలుగువారందరికీ నమస్కారం.

గత నెలలో మనవాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒకాయన ఒక సందేహం అడిగారు. మెస్కీట్‌లో తన ఇల్లు ఖాళీ అయిందనీ, నిలువ నీడ లేని కుటుంబాలకు ఇళ్లు వెతికిపెట్టే సంస్థ ఒకటి ఫోన్ చేసిందనీ, ఏడాదిపాటు అద్దెలో చాలా భాగం తామే కడతామంటున్నారనీ, ఇవ్వవచ్చా అనీ ఆయన ప్రశ్న. అరగంట తిరక్కుండా ఇరవైకి పైగా జవాబులు వచ్చాయి. కొరివితో తల గోక్కోవద్దని ఒకరు, తెలిసినవారి ఇంట్లో కార్పెట్ మొత్తం పీకి మార్చాల్సివచ్చిందని ఇంకొకరు, ఏడాది తరువాత ఎవరు కడతారని మరొకరు రాశారు. ఆయన ఇల్లు ఇవ్వలేదు. ఆ జవాబులన్నిటిలోనూ ఆలోచించదగ్గది నాకు ఆ చివరిది ఒక్కటే అనిపించింది. గార్లండ్‌లో నా డూప్లెక్స్‌లో, అంటే రెండు వాటాల ఇంట్లో, ఒక భాగాన్ని ఇలాంటి కుటుంబానికి ఇచ్చి, ఆ ఏడాదినీ, ఆ తరువాతి ఎనిమిది నెలలనూ దగ్గరుండి చూసినవాణ్ని కాబట్టి, ఫోన్ తెర మీద నాలుగు ముక్కల్లో చెప్పలేని సమాధానాన్ని ఇలా లేఖగా రాస్తున్నాను.

ర్యాపిడ్ రీహౌసింగ్ అని పిలిచే ఈ పద్ధతి నిన్న మొన్న పుట్టింది కాదు. ఇల్లు లేనివారిని నెలల తరబడి షెల్టర్లలో ఉంచి, ఉద్యోగం వచ్చాక, అప్పులు తీరాక, అలవాట్లు మారాక ఇంటికి పంపుదామనుకునే రోజుల్లో, 1988లో లాస్ ఏంజెలెస్‌లో తాన్యా టల్ స్థాపించిన బియాండ్ షెల్టర్ సంస్థ ఆ వరసను తిరగేసింది. ముందు కుటుంబాన్ని అద్దె ఇంట్లో దింపి, మిగతా సాయాన్ని ఆ ఇంటి గడప దగ్గరికే తీసుకువెళ్లింది. 2009లో ఆర్థిక మాంద్యం నుంచి గట్టెక్కడానికి ఫెడరల్ ప్రభుత్వం తెచ్చిన ఉద్దీపన చట్టంలో 150 కోట్ల డాలర్లు ఈ పనికీ, ఇల్లు పోకుండా ఆపే పనికీ కేటాయించడంతో ఇది దేశమంతటా పాకింది. అదే ఏడాది వచ్చిన హార్త్ చట్టం దీనికి ఫెడరల్ నిధుల్లో స్థిరమైన చోటు కల్పించింది. ఇందులో జరిగే పనులు మూడు: ఇల్లు వెతికిపెట్టడం, అడ్వాన్సూ కొన్ని నెలల అద్దే కట్టడం, ఒక కేస్ వర్కర్ నెలకు కనీసం ఒకసారైనా కలిసి ఉద్యోగం, బడి, వైద్యం వంటివి చూసుకోవడం. అద్దె సాయం ఎంత పొడిగించినా 24 నెలలు దాటదు. అసలు ఆచరణలో చాలాచోట్ల అంతకన్నా ముందే ముగుస్తుంది.

మన ఊళ్లో ఇది పెద్ద ఎత్తున మొదలైంది 2021లో. డాలస్ నగరం, డాలస్ కౌంటీ, చుట్టుపక్కల నగరాలు, దాతలు కలిసి 7 కోట్ల డాలర్లకు పైగా సమకూర్చి, 2023 ముగిసేలోగా 2,700 మందికి పైగా ఇళ్లలో చేర్చాలని పెట్టుకున్న లక్ష్యాన్ని అనుకున్న గడువులోనే అందుకున్నారు. ఒక గుడారాల గుంపు దగ్గరికి వెళ్లి, అక్కడున్నవారికి ఇళ్లు చూపించిన తరువాతే ఆ స్థలాన్ని మూసివేయడం వాళ్ల పద్ధతి. ఈ పనిని నడిపే హౌసింగ్ ఫార్వర్డ్ సంస్థ పరిధిలో డాలస్ కౌంటీతో పాటు కొలిన్ కౌంటీ కూడా ఉందన్న సంగతి ఫ్రిస్కో, ప్లేనో, మెకిన్నీల్లో కాపురముంటున్న మనలో చాలామందికి తెలియదు. రోడ్డు మీద బతికేవాళ్లు డాలస్ డౌన్‌టౌన్ సమస్య అనుకుంటాం. ప్లేనోలో వాల్‌మార్ట్ పార్కింగులో, కారులో పిల్లల్ని పడుకోబెట్టుకున్న తల్లి మన లెక్కలోకి రాదు.

ఇక నా డూప్లెక్స్ సంగతికి వస్తాను. 2023 జనవరిలో ఒక తల్లి, ఇద్దరు పిల్లలు అందులో దిగారు. అంతకు ముందు సంస్థ మనిషి ఇల్లు తనిఖీకి వచ్చి, పిల్లల గదిలో పొగ అలారం లేదని, వెనక గది కిటికీకి రంగు వేసినప్పుడు అది చట్రానికి అతుక్కుపోయి తెరుచుకోవడం లేదని రాసుకుపోయాడు. రెండూ నిజమే. పడకగది ప్రతిదానికీ పొగ అలారం ఉండాలన్నది టెక్సస్ చట్టం. అంతకు ముందు మూడేళ్లు అందులో ఉండి, నెల తిరక్కుండా అద్దె కట్టిన మన తెలుగు కుర్రవాళ్లు నలుగురూ ఆ కిటికీ తెరుచుకోని గదిలోనే పడుకున్నారు. వాళ్లు అడగలేదు, నేను చూడలేదు. హోమ్ డిపోలో అలారం కొని, కిటికీ చుట్టూ చాకుతో గీసి విడదీయడానికి నాకు ఒక శనివారం పూట పట్టింది.

అద్దె నెలకు 1,550 డాలర్లు. చుట్టుపక్కల అలాంటి ఇళ్ల అద్దెలతో పోల్చి, సబబుగా ఉందనిపించిన తరువాతే వాళ్లు ఒప్పుకున్నారు. ఏడాదికి తక్కువ కాకుండా లీజు రాయాలన్నది వాళ్ల షరతు. మొదటి మూడు నెలలు అద్దె మొత్తం సంస్థే కట్టింది, తరువాత ఆమె వంతు 300 డాలర్లు, ఆ తరువాత 600 డాలర్లు అయింది. ఫిబ్రవరి నెల చెక్కు 19వ తేదీన గానీ రాలేదు. అడిగితే లెక్కల విభాగంలో మనిషి మారారన్నారు. చిరాకు పడ్డాను, ఆ తరువాత మళ్లీ ఆలస్యం కాలేదు. ఇంటికి నష్టం అంటారా, ఫ్రిజ్ తలుపులో ఒక అర విరిగింది, గోడ మీద రెండోవాడు క్రేయాన్‌తో గీసిన రైలు బండి ఒకటి మిగిలింది. కార్పెట్ కార్పెట్ లాగానే ఉంది.

డిసెంబరుతో సాయం ముగిసింది. అసలు కథ అక్కడ మొదలవుతుంది.

ఆమె ఒక గిడ్డంగిలో గంటకు 17 డాలర్లకు పని చేసేది. వారానికి 40 గంటలు దొరికితే నెలకు 2,900 డాలర్లకు కాస్త అటూ ఇటూ వస్తాయి. పండుగల గిరాకీ అయిపోగానే, జనవరిలో, గంటలను 26కి కుదించారు. అంటే పన్నులు పట్టకముందే చేతికొచ్చేది 1,900 చిల్లర. సరిగ్గా ఆ నెలలోనే ఆమె కట్టవలసిన అద్దె 600 నుంచి 1,550కి ఎగబాకింది. 1వ తేదీన సగం పంపి, మిగతాది 16న ఇస్తానని ఫోన్‌లో సందేశం పెట్టింది. నేను కేస్ వర్కర్‌కు ఫోన్ చేశాను. ఆయన ఉద్యోగం మానేశాడట. ఆయన స్థానంలో మాట్లాడినావిడ ఫైలు చూసి, డిసెంబరు 31తో కేసు మూసేశామని చెప్పింది.

దాచడం దేనికి, ఇల్లు ఖాళీ చేయమని ఇచ్చే నోటీసు కాగితం ప్రింటు తీశాను, తేదీ కూడా వేశాను. టెక్సస్‌లో లీజులో వేరే మాట రాసుకోకపోతే ఆ నోటీసుకు మూడు రోజుల గడువు చాలు, నాలుగో రోజు జస్టిస్ ఆఫ్ ద పీస్ అనే స్థానిక కోర్టులో కేసు వేసుకోవచ్చు. ఆ కాగితం వంటింటి బల్ల మీద చూసిన మా ఆవిడ నన్నేమీ అనలేదు గానీ, ఆర్లింగ్టన్‌లో చదువుకునే రోజుల్లో మా ఐదుగురికీ క్రెడిట్ హిస్టరీ లేక ఎవరూ అపార్ట్‌మెంట్ ఇవ్వకపోతే కోసైనర్‌గా, అంటే హామీగా, సంతకం పెట్టిన సీనియర్ పేరు చెప్పి, ఆయన ఇప్పుడెక్కడున్నాడని మాత్రం అడిగింది. నేను నోటీసు ఇవ్వలేదు. ఆమెకు జీతం పడే రెండు శుక్రవారాలకు అద్దెను రెండుగా విడగొట్టి, ఆలస్య రుసుము తీసేసి, లీజును అదే అద్దెకు ఏడాది పొడిగించాను. ఎనిమిది నెలలు అలా నడిచింది. 2024 ఆగస్టులో, అక్క ఇంటికి దగ్గరగా చవకైన ఇల్లు దొరికిందని ముందుగా చెప్పి ఆమె ఖాళీ చేసింది. వెళ్లేటప్పటికి నాకు 400 డాలర్లు బాకీ ఉంది, అడ్వాన్సులో సరిపోయింది. పిల్లలిద్దరికీ మళ్లీ బడి మారింది.

ఇది విజయమా, వైఫల్యమా? ఈ పథకం ఎంతవరకు పనిచేస్తోందన్న వాదన అంతా చివరికి ఈ ప్రశ్న దగ్గరికే వస్తుంది. ఆమె మళ్లీ షెల్టరుకు వెళ్లలేదు, కాబట్టి సంస్థ లెక్కలో ఇది విజయం. ఏడాదిన్నర తిరిగేసరికి మళ్లీ ఇల్లు మారింది, ఆదాయం పెద్దగా పెరగలేదు, కాబట్టి విమర్శకుల లెక్కలో ఇది వైఫల్యం. నాకు తెలిసినంతలో ఈ రెండు మాటలనూ ఒకేసారి నిజమని చూపించిన అధ్యయనం ఒకటుంది. ఫెడరల్ గృహనిర్మాణ శాఖ, అంటే హడ్, 2010లో మొదలుపెట్టి 12 ప్రాంతాల్లో షెల్టర్లలో ఉన్న 2,282 కుటుంబాలను లాటరీ పద్ధతిలో నాలుగు గుంపులుగా విడదీసింది. ఒక గుంపుకు గడువు లేని అద్దె సాయం, ఒక గుంపుకు ర్యాపిడ్ రీహౌసింగ్, మూడో గుంపుకు సేవలతో కూడిన తాత్కాలిక నివాసం, నాలుగో గుంపుకు ఎప్పుడూ దొరికే మామూలు సాయం ఇచ్చి, మూడేళ్లకు పైగా వాళ్ల వెంట నడిచింది. మన డాలస్ ఆ పన్నెండింటిలో లేదు, అయినా ఫలితాలు మనకూ వర్తిస్తాయనే నా నమ్మకం.

గడువు లేని అద్దె సాయం అందినవారిలో మళ్లీ ఇల్లు పోగొట్టుకోవడం, ఇంకొకరి ఇంట్లో సర్దుకోవడం వంటివి సగానికి పైగా తగ్గాయి. పిల్లలు బడులు మారడం తగ్గింది, ఇంట్లో హింస కూడా తగ్గింది. మూడేళ్ల లెక్క చూస్తే మామూలు సాయం కన్నా దానికి అయిన అదనపు ఖర్చు 9 శాతం మాత్రమే. ర్యాపిడ్ రీహౌసింగ్ అందినవారి పరిస్థితి మటుకు, మూడేళ్ల తరువాత, మామూలు సాయం అందినవారి పరిస్థితికి పెద్ద తేడా లేకుండా ఉంది. దీన్ని పట్టుకుని పథకం దండగ అనేవారున్నారు. వాళ్లు చెప్పని సగం ఏమిటంటే, అది అంతే ఫలితాన్ని తక్కువ ఖర్చుతో ఇచ్చింది. ఒక కుటుంబాన్ని ఒక నెల షెల్టరులో ఉంచడానికి సగటున దాదాపు 4,800 డాలర్లు అయితే, ర్యాపిడ్ రీహౌసింగ్ కింద దాదాపు 880 డాలర్లు అయింది. షెల్టరులో ఒక నెలకు అయ్యే ఖర్చుతో ఐదు నెలలు అద్దె ఇంట్లో ఉంచవచ్చన్నమాట.

ఈ అంకెలను నా డూప్లెక్స్‌లో జరిగినదాని పక్కన పెట్టి చూసుకుంటే, ఈ పథకం ఎక్కడ ఆడుతుందో, ఎక్కడ ఆగుతుందో నాకు తేటగా కనిపిస్తోంది. వీధి నుంచి, షెల్టరు నుంచి మనిషిని ఇంట్లోకి చేర్చడంలో దీనంత వేగమైనదీ చవకైనదీ వేరొకటి లేదు. కానీ అద్దెకూ జీతానికీ మధ్య ఉన్న దూరాన్ని ఇది పూడ్చలేదు, కొన్నాళ్లు దాని మీద బల్ల వేసి, తరువాత ఆ బల్ల తీసేస్తుంది. టెక్సస్‌లో కనీస వేతనం 2009 నుంచి గంటకు 7.25 డాలర్ల దగ్గరే ఉంది, అంటే పూర్తికాలం పని చేసినా నెలకు 1,260 డాలర్లు రావు. దానికి రెండింతలకు పైగా సంపాదించే ఆ తల్లికే, జీతంలో సగానికి మించి అద్దెకు పోయింది. తీవ్రమైన మానసిక జబ్బులతో, అంగవైకల్యంతో ఏళ్ల తరబడి వీధిలో ఉన్నవారికి ఏడాది సాయం అసలే చాలదు, వాళ్లకు సేవలతో కూడిన శాశ్వత వసతి కావాలి. హ్యూస్టన్ ఈ తేడా ముందే గుర్తించి, ఎవరికి ఏది అవసరమో చూసి రెండూ ఇచ్చింది కాబట్టే 2011 నుంచి 2022 నాటికి అక్కడ ఇల్లు లేనివారి సంఖ్య 60 శాతానికి పైగా తగ్గింది. అదే కాలంలో అక్కడ 25,000 మందికి పైగా ఇళ్లలో చేరారు. మన రాష్ట్రమే, మన చట్టాలే, మన ఎండలే.

కాబట్టి ఏడాది తరువాత ఎవరు కడతారన్న ప్రశ్నకు నా జవాబు: ఆమే కడుతుంది, మొదటి రెండు మూడు నెలలు తడబడుతూ కడుతుంది. ఆ తడబాటు రోజుల్లో సంస్థ ఏం చేస్తుంది, మనం ఏం చేస్తాం అన్నదాని మీదే మిగతాదంతా ఆధారపడి ఉంటుంది. నాకు ఆలస్యంగా తెలిసిన విషయం ఒకటుంది. కంటిన్యువమ్ ఆఫ్ కేర్ అనే ఫెడరల్ నిధులతో నడిచే ర్యాపిడ్ రీహౌసింగ్‌లో అద్దె సాయం ఆగిన తరువాత కూడా ఆరు నెలల వరకు కేస్ వర్కర్ సేవలు కొనసాగించడానికి నిబంధనలు ఒప్పుకుంటాయి. నా విషయంలో కేసును అదే రోజు మూసేశారు. మూయాలని నిబంధన ఏమీ లేదు, చేతిలో ఉన్న మనుషులు తక్కువై మూసి ఉంటారు. నేను లీజు రాసేటప్పుడే ఆ ఆరు నెలల మాట అడిగి, ఉత్తరం మీద రాయించుకుని ఉంటే, జనవరిలో నాకు జవాబు చెప్పడానికి ఒక మనిషి ఉండేవాడు. మీకు ఫోన్ వచ్చినప్పుడు మొట్టమొదట అడగవలసిందీ, కాగితం మీద పెట్టించుకోవలసిందీ అదే. సాయం ఏ నెలతో ముగుస్తుందో, ఆమె వంతు ఏ నెలలో ఎంత పెరుగుతుందో కూడా ముందే రాయించుకోండి. 600 నుంచి 1,550కి ఒక్క గెంతు గెంతించడం కన్నా మెట్లు మెట్లుగా పెంచమని సంస్థను అడిగే హక్కు ఇంటివారిగా మనకుంది, ఎందుకంటే చెక్కులు ఆగేది మనకే.

మన వంతు పనీ ఉంది. లీజు ముగియడానికి 90 రోజుల ముందే, వచ్చే ఏడాది అద్దె ఎంతో చెప్పండి. సాయం ఆగిన తరువాతి ఆరు నెలలైనా అద్దె పెంచకండి. నోటీసు ఇచ్చే ముందు ఒకసారి ఫోన్ చేయండి. కోర్టులో కేసు వేసినంత మాత్రానికే, అది తేలకముందే, ఆ మనిషి పేరు మీద ఎవిక్షన్, అంటే ఇల్లు ఖాళీ చేయించే కేసు, రికార్డు పడుతుంది. ఆ తరువాత ఏ ఇంటివాడు దరఖాస్తు చూసినా మొదట కనబడేది అదే. ఖాళీ చేయించి, రంగులు వేయించి, కొత్తవాళ్ల కోసం నెలన్నర ఆగితే నాకు పోయేది 2,300 డాలర్లకు పైమాటే. ఆమె బాకీ పడింది 400. దానధర్మాల సంగతి పక్కన పెట్టి వ్యాపారం చేసేవాడిలా లెక్క వేసుకున్నా, నేను చేసిన పని నష్టం కాదు.

గ్రూపులో వచ్చిన మిగతా అభ్యంతరాల మీద ఎక్కువ రాయను. హెచ్.ఓ.ఏ., అంటే కాలనీలోని ఇళ్ల యజమానుల సంఘం, ఒప్పుకోదన్నారు ఒకరు. డెంటన్ కౌంటీలోని ప్రావిడెన్స్ విలేజ్‌లో 2022లో, ప్రభుత్వ సాయంతో అద్దె కట్టేవారికి ఇళ్లు ఇవ్వకూడదని హెచ్.ఓ.ఏ. నిషేధం పెట్టిన మాట నిజమే, కానీ అద్దె ఏ రూపంలో కడుతున్నారన్న కారణంతో అద్దెదారులను నిషేధించకూడదని 2023లో రాష్ట్ర చట్టం వచ్చింది. ఇంటి యజమానిగా మీరు అలాంటి అద్దెదారులను వద్దనవచ్చు, ఆ స్వేచ్ఛను 2015 చట్టం మనకు మిగిల్చింది. అలా వద్దనకూడదని నగరాలు నిబంధన పెట్టకుండా ఆ చట్టం ఆపింది, మాజీ సైనికుల విషయంలో మాత్రం మినహాయించింది. పిల్లలు లేనివారికే ఇస్తామని మనవాళ్లు ప్రకటనల్లో రాయడం మాత్రం ఫెడరల్ చట్టం ప్రకారం నేరుగా తప్పు. హైదరాబాదులో టూలెట్ బోర్డు మీద రాసినట్టు ఇక్కడ రాస్తే కుదరదు, మనలో కొందరి ప్రకటనలు ఎవరూ ఫిర్యాదు చేయకపోవడం వల్ల మాత్రమే బతికి ఉన్నాయి.

మన సంఘాల పెద్దలకూ ఒక మాట. దీపావళి ముందు షెల్టర్లలో దుప్పట్లు, భోజనం ప్యాకెట్లు పంచుతున్నారు, ఫొటోలు చూస్తూనే ఉన్నాం, సంతోషం. ఆ షెల్టరులోని కుటుంబాల్లో చాలామంది అక్కడ ఉండిపోయింది అన్నానికి లేక కాదు, అడ్వాన్సు కట్టినా ఇల్లిచ్చేవాడు దొరక్క. సంఘంలో ఇళ్లున్న సభ్యులు వందల్లో ఉంటారు. ఏడాదికి పది ఇళ్లు చూపించి, సాయం ఆగిన తరువాతి మూడు నెలల్లో తడబడే కుటుంబాలకు అందించడానికి చిన్న నిధి ఒకటి పెడితే, దుప్పట్ల ఖర్చుకు మించి పెద్దగా కాదు. 2024 జనవరి లెక్కలో దేశం మొత్తం మీద ఇల్లు లేనివారు 7,71,480 మంది. అంతకు ముందు ఏడాది కన్నా అది 18 శాతం ఎక్కువ. పైగా, ముందు ఇల్లివ్వాలన్న విధానానికి ఫెడరల్ మద్దతు ఆపాలని 2025 జూలైలో అధ్యక్షుడి ఉత్తర్వు వచ్చింది. ఆ నిధులు తగ్గితే, ఇలాంటి సంస్థలు మనకు ఫోన్ చేయడం కూడా తగ్గిపోతుంది.

గార్లండ్‌లో నా భాగం వచ్చే నెల మొదటి వారంలో మళ్లీ ఖాళీ అవుతోంది. సంస్థకు నేనే ఫోన్ చేసి చెప్పాను. ఈసారి ఆరు నెలల మాట లీజుతో పాటు ఉత్తరంగా ఇవ్వడానికి ఒప్పుకున్నారు. తనిఖీ కాగితం, ఆ ఉత్తరం, అద్దెను రెండుగా విడగొట్టుకుంటూ నేనూ ఆమే రాసుకున్న ఒప్పందం, మూడూ నా దగ్గరున్నాయి. పేర్లు చెరిపి, కావాలన్నవారికి పంపిస్తాను. మెస్కీట్‌లో ఇల్లున్నాయన ఇది చదువుతున్నట్టయితే, ఆయన ఇల్లు ఇంకా ఖాళీగానే ఉందని విన్నాను.

ఇట్లు,
గార్లండ్‌లో ఒక డూప్లెక్స్ యజమాని